శుభం కార్డు పడ్డాక రాజుగారి కథ

మన సినిమాల్లో రాజకుమారుడు మామూలు ఇంటి పిల్లని పెళ్ళాడతాడు. పూలవాన కురుస్తుంది. ‘శుభం’ అని కార్డు పడుతుంది. మనం కాళ్ళతో చెప్పులు వెతుక్కుంటూ లేస్తాం. స్టాండులో రద్దీ కాకముందే బండి తీసుకోవాలి కదా మరి! ఆ తర్వాత ఆ రాజకుమారుడు ఎలా బతికాడు, ఆ పిల్ల అత్తవారింట్లో ఏం సంపాదించుకుంది, ఏం పోగొట్టుకుంది, ముసలితనంలో ఎవరికి ఎవరు తోడు? ఏ దర్శకుడూ చెప్పడు. మనమూ అడగం.

కానీ శుభం కార్డు పడ్డాక నలభై తొమ్మిదేళ్ళు బతికిన రాజుగారు ఒకాయన వున్నాడు. ఆయన పెళ్ళిని నిజంగానే సినిమా కంపెనీ కెమెరాలు పెట్టి తీసింది. పెళ్ళికూతురు నిజంగానే సినిమా తార. ఆయన మొనాకో ప్రభువు మూడవ రేనియర్. ఆమె గ్రేస్ కెల్లీ.

ఆ మధ్య ఒకరు నన్ను గ్రేస్ కెల్లీ మీద వ్యాసం రాసిపెట్టమన్నారు. పత్రికలకి విడిగా రాసుకు బతికేదాన్ని, సరే అన్నాను. పాత ఫొటోలు ముందేసుకుని కూర్చున్నాను. ప్రతి ఫొటోలోనూ ఆమె కెమెరా వంక చూస్తోంది. పక్కన మీసాలతో, కాస్త బొద్దుగా, ఎవరో దారిలో నిలబెట్టేసినట్టు ఒక మనిషి! మన మేనేజర్ పాత్రధారులు ఇలాగే నిలబడతారు కదూ? దేశానికి ప్రభువు అయి వుండి, ప్రపంచం దృష్టిలో ‘గ్రేస్ కెల్లీ భర్త’గా మిగిలిపోయిన ఆ మనిషి మీదికి మనసు పోయింది. గ్రేస్ వ్యాసం ఎలాగో పూర్తిచేశాను. రాజుగారు మాత్రం నన్ను వదిలిపెట్టలేదు.

గారాబం ఎరగని పిల్లవాడు

ముందుగా ఒక మాట. మొనాకోలో ‘ప్రిన్స్’ అంటే మన కథల్లో యువరాజు కాదు. గద్దె మీద కూర్చుని ఏలేవాడే ప్రిన్స్. ఆ రాజ్యం ఎంతనుకున్నారు? ఫ్రాన్సు దక్షిణ తీరంలో, కొండకీ సముద్రానికీ మధ్య ఇరుక్కున్న చిన్న ముక్క. రేనియర్ గద్దెనెక్కేనాటికి ఒకటిన్నర చదరపు కిలోమీటర్లు. సముద్రాన్ని పూడ్చి పెంచుకుంటూ వచ్చాక ఇప్పుడు రెండు చదరపు కిలోమీటర్ల పైచిలుకు. మన రామోజీ ఫిల్మ్ సిటీలో మూడు మొనాకోలు పడతాయి! దానికో జెండా, ఒక కోట, ఒక కాసినో, సొంత తపాలా బిళ్ళలు. మా నాన్న స్టాంపుల ఆల్బమ్‌లో భారతదేశం పేజీకన్నా మొనాకో పేజీయే రంగురంగులుగా వుండేది.

రేనియర్ పుట్టింది 1923 మే 31న. తల్లి షార్లెట్ కథే ఒక సినిమా. మొనాకో యువరాజు లూయీకి ఒక పాటగత్తె వల్ల, పెళ్ళి లేకుండా పుట్టిన పిల్ల ఆవిడ. గద్దెకి వారసులు లేకపోవడంతో 1919లో ఆవిడని దత్తత తీసుకుని రాజకుమారిని చేశారు. పియెర్ ద పోలిన్యాక్ అనే ప్రభువంశీకుడికిచ్చి పెళ్ళి చేశారు. ఆ కాపురం నిలవలేదు. కొడుక్కి ఏడేళ్ళ వయసులో తల్లిదండ్రులు విడిపోయారు, పదేళ్ళకి విడాకులు. పిల్లవాణ్ణి ఇంగ్లండులో బోర్డింగు స్కూలుకి పంపించేశారు. భాష వేరు, తిండి వేరు, తోటి పిల్లల ఎగతాళి. తర్వాత స్విట్జర్లాండు, ఆ తర్వాత ఫ్రాన్సులో డిగ్రీ. 1944లో ఫ్రెంచి సైన్యంలో చేరి యుద్ధం చేశాడు, పతకాలు తెచ్చుకున్నాడు. అదే ఏడాది తల్లి తన హక్కు వదులుకుని కొడుకుని వారసుణ్ణి చేసింది. 1949 మే 9న తాతగారు కన్నుమూశారు. ఇరవై ఆరో పుట్టినరోజు ఇంకా రాకుండానే రేనియర్ ప్రభువయ్యాడు.

గద్దెతో పాటు ఒక గుదిబండ కూడా వచ్చింది. 1918లో ఫ్రాన్సుతో కుదిరిన ఒడంబడిక ప్రకారం మొనాకో గద్దెకి వారసుడు లేకపోతే ఆ రాజ్యం ఫ్రాన్సు రక్షణ కిందికి పోతుంది. అంటే రాజుగారికి బిడ్డ పుట్టడం ఇంటి విషయం కాదు, దేశం విషయం!

అప్పటికే ఆయన మనసిచ్చిన అమ్మాయి వుంది. ఆమే కూడా సినిమా నటే. ఫ్రెంచి నటి జిజెల్ పాస్కల్. కొన్నేళ్ళపాటు కలిసి వున్నారు. ఆమెకి పిల్లలు పుట్టరని డాక్టర్లు తేల్చారన్నారు. 1953 ప్రాంతంలో ఇద్దరూ విడిపోయారు. ఇందులో వింత ఏమిటంటే, జిజెల్ తర్వాత రేమండ్ పెలెగ్రిన్ అనే నటుణ్ణి పెళ్ళాడింది, పండంటి ఆడపిల్లని కన్నది. గద్దె కోసం వదులుకున్న మొదటి మనిషి ఆమె. ఈ లెక్క గుర్తుంచుకోండి, తర్వాత పని పడుతుంది.

పులిబోనులో చెయ్యి

1955 నాటికి గ్రేస్ కెల్లీ హాలీవుడ్డులో మహారాణి. ఫిలడెల్ఫియాలో తాపీపనితో మొదలుపెట్టి పెద్ద కాంట్రాక్టరైన జాక్ కెల్లీ కూతురు. ఆ తండ్రి పడవ పందాల్లో ఒలింపిక్ బంగారు పతకాలు గెలిచినవాడు. కూతురు ‘ది కంట్రీ గర్ల్’లో నటనకి ఆ మార్చిలోనే ఆస్కార్ అందుకుంది. హిచ్‌కాక్ ఆమెతో ‘డయల్ ఎమ్ ఫర్ మర్డర్’, ‘రేర్ విండో’, ‘టు క్యాచ్ ఎ థీఫ్’ తీశాడు. మూడోదాని షూటింగు జరిగింది మొనాకో చుట్టుపక్కలే.

మే నెలలో కాన్ చిత్రోత్సవానికి వచ్చింది. ‘పారీ మాచ్’ పత్రిక వాళ్ళు ‘తారతో ప్రభువు’ అని ఫొటోలు తీద్దామనుకున్నారు. ఆ ఆలోచన ఆ పత్రికలో పనిచేసే పియెర్ గలాంట్‌ది. అన్నట్టు, ఆయన ‘గాన్ విత్ ది విండ్’ నటి ఒలీవియా ద హావిలాండ్ భర్త! మే 6న ఆ ముహూర్తం. ఆ రోజు సమ్మె, హోటల్లో కరెంటు లేదు. జుట్టు ఆరలేదు, బట్టలకి ఇస్త్రీ లేదు. నలగని పూలగౌను ఒకటి తగిలించుకుని, తడిజుట్టు వెనక్కి దువ్వి ముడేసుకుని వెళ్ళింది ప్రపంచ సుందరి. ప్రభువుగారు ఆలస్యంగా వచ్చారు! వచ్చాక కోట చూపించాడు, తన జంతువుల తోట చూపించాడు. పులి బోనులో చెయ్యి పెట్టి దాన్ని నిమిరాడు.

మన హీరోలు పులితో పోట్లాడి హీరోయిన్ మనసు గెలుస్తారు. ఈయన పులిని గోకి గెలిచాడు. ఈ ముక్క చదివినప్పుడే నాకు ఆయన నచ్చాడు. మనుషులతో బిడియపడేవాడు జంతువులతో చనువుగా వుంటాడేమో.

తర్వాత ఏడునెలలు ఉత్తరాలు. డిసెంబరులో ఆయన అమెరికా వెళ్ళి కెల్లీల ఇంట క్రిస్మస్ పండగ చేసుకున్నాడు. 1956 జనవరి 5న నిశ్చితార్థం ప్రకటించారు. ఇక్కడ మీరు ఉలిక్కిపడే సంగతి ఒకటుంది. కట్నం! ఇరవై లక్షల డాలర్ల కట్నమని అప్పటినుంచీ పత్రికలు రాస్తూనే వున్నాయి. కట్నాల బేరాలు మనకే అనుకున్నాం కదూ!

ఏప్రిల్ 18న కోటలో రిజిస్టరు పెళ్ళి, 19న సెయింట్ నికొలస్ చర్చిలో పెళ్ళి. మూడు కోట్ల మంది టీవీల్లో చూశారని లెక్క. ఎం.జి.ఎం. కంపెనీకి ఆమె ఇంకా కాంట్రాక్టు కింద వుంది. పెళ్ళిని చిత్రంగా తీసుకునే హక్కు ఆ కంపెనీకి దక్కింది, ఆమెకి విడుదల దక్కింది. పెళ్ళిగౌను కుట్టించింది కూడా కంపెనీయే. ఆఖరి చిత్రం ‘హై సొసైటీ’లో ఆమె వేలికున్న వుంగరం రేనియర్ పెట్టిన అసలు వుంగరమే. పదకొండు సినిమాలు, ఒక ఆస్కార్, ఇరవై ఆరేళ్ళ వయసు.

శుభం!

రాణివాసం

భానుమతి, ఎన్.టి.ఆర్. నటించిన ‘మల్లీశ్వరి’ చూశారా? బి.ఎన్.రెడ్డి 1951లో తీశారు. బావ వేళాకోళానికి అన్న మాటకి విజయనగరం నుంచి నిజంగానే పల్లకీ వచ్చేస్తుంది. మల్లి రాణివాసానికి వెళుతుంది. అక్కడ పట్టుచీరలకి లోటు లేదు, నగలకి లోటు లేదు. వెనక్కి వచ్చే దారే లేదు. గ్రేస్ కెల్లీ పల్లకీకి బదులు ఓడ ఎక్కింది. అంతే తేడా.

పెళ్ళయ్యాక మొనాకోలో ఆమె సినిమాలు ఆడకూడదని రేనియర్ ఆపుచేయించాడని ఆమె జీవితం రాసినవాళ్ళు చెబుతారు. ఊరంతా చూస్తుండగా తన భార్య వేరే నటుణ్ణి ముద్దుపెట్టుకోవడం ప్రభువుకి నామర్దా అనుకున్నాడు కాబోలు. ఈ మాట దగ్గర ఆయన మీద నాకు ఒళ్ళుమండింది. పులిని గోకిన మనిషేనా ఈయన అనిపించింది.

కానీ 1962 దగ్గరికి వచ్చేసరికి కథ అంత తేలిగ్గా లేదు. హిచ్‌కాక్ ‘మార్నీ’ చిత్రం కోసం గ్రేస్‌ని అడిగాడు. ఈసారి రేనియర్ సరేనన్నాడు! ఆ మార్చిలో కోట నుంచే ప్రకటన వెలువడింది, గ్రేస్ మళ్ళీ నటిస్తుందని. మొనాకో జనం గగ్గోలు పెట్టారు. మా రాణి కెమెరా ముందు ప్రేమ సన్నివేశాలు చేస్తుందా, పైగా దొంగ వేషమా అని.

సరిగ్గా అదే సమయంలో ఫ్రాన్సు అధ్యక్షుడు డిగాల్‌తో రేనియర్‌కి తగాదా ముదిరింది. మొనాకోలో ఆదాయపు పన్ను లేదు. ఫ్రెంచి డబ్బున్నవాళ్ళు అక్కడికి వచ్చి మకాం పెడుతున్నారు, వాళ్ళ దగ్గర పన్ను వసూలు చేసి తీరాలన్నాడు డిగాల్. ఇల్లు చిన్నది, పక్కింటివాడు పెద్దవాడు. వాడు దారి మూస్తే కూరగాయలు కూడా రావు. ఇలాంటప్పుడు రాణిగారు షూటింగుకి వెళితే ఎలా వుంటుంది? వేసవి ముదిరేలోగా గ్రేస్ హిచ్‌కాక్‌కి ఉత్తరం రాసి తప్పుకుంది. ఆ పాత్ర టిపీ హెడ్రెన్ వేసింది. అక్టోబరులో ఫ్రాన్సు నిజంగానే సరిహద్దులో కస్టమ్స్ తనిఖీలు పెట్టింది. మరుసటి ఏడాది రాజీ. మొనాకోలో అయిదేళ్ళు నిండని ఫ్రెంచివాళ్ళు ఫ్రాన్సుకి పన్ను కట్టాలని తేలింది.

చూశారా? భర్త సరేనన్నాడు. ప్రభువు సరే అనలేకపోయాడు. ఇద్దరూ ఒకే మనిషి! జిజెల్ గుర్తుందిగా? గద్దె కోసం మొదట ఆమెని వదులుకున్నాడు. ఇప్పుడు గ్రేస్ చేత సినిమాని వదిలించాడు. ఏలేది ఆయనా, గద్దెనా అని నాకు సందేహం.

ఇక్కడ మద్రాసు సంగతి ఒకటి చెప్పాలి. ఆ ‘మల్లీశ్వరి’ నాయిక భానుమతిగారే 1943లో రామకృష్ణగారిని పెళ్ళాడారు. ఆయన అప్పటికి అసిస్టెంట్ డైరెక్టరు. పెళ్ళయ్యాక సినిమాలు మానేసి ఇల్లు చూసుకుందామనే అనుకున్నారు ఆవిడ. బి.ఎన్.రెడ్డి ‘స్వర్గసీమ’కి అడిగారు. భర్త ఒప్పుకున్నారు. 1945లో ఆ చిత్రం వచ్చింది. ఆ తర్వాత ఆ దంపతులు కొడుకు పేరుమీద భరణీ పిక్చర్స్ పెట్టి, ఆయన దర్శకత్వంలో ఆవిడ నటించి చరిత్ర సృష్టించారు. కోటా లేదు, జెండా లేదు. అసిస్టెంట్ డైరెక్టరు ఇవ్వగలిగింది రాజు ఇవ్వలేకపోయాడు!

ఇదంతా నాకెందుకింత పట్టిందో చెబుతాను. మా అక్క పదేళ్ళు కూచిపూడి నేర్చుకుంది. పెళ్ళయింది. మా బావ దేవుడులాంటి మనిషి. నాట్యం మానెయ్యమని ఒక్కనాడూ అనలేదు. చెయ్యమనీ అనలేదు. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, పిల్లలు, బదిలీలు. గజ్జెలు బీరువాలో అడుగు అరలోకి వెళ్ళాయి. ఎవరూ ఏమీ అనకుండానే పోయాయి. ఎవరిమీద కోప్పడాలో కూడా తెలియదు.

నాకూ ముప్పయి దాటాయి. క్రిందటేడు ఒక పెళ్ళిచూపుల్లో అబ్బాయి తల్లి చాలా మర్యాదగానే అడిగింది. “ఈ సినిమా రాతలు పెళ్ళయ్యాక కూడా వుంటాయామ్మా?” అబ్బాయి ప్లేటులోని మైసూర్‌పాక్ వంక చూస్తూ కూర్చున్నాడు. చెడ్డవాడు కాడు. నా వ్యాసాలు చదివానని కూడా చెప్పాడు. నేనే జవాబు చెప్పాను. “వుంటాయండీ, ఇప్పటికన్నా ఎక్కువే రాస్తాను.” ఆ సంబంధం అక్కడితో ఆగిపోయింది. ఆ రాత్రి రేనియర్ ఫొటోలు మళ్ళీ తీసి చూశాను. ఆయన మొహంలో కూడా ఆ మైసూర్‌పాక్ చూపే కనిపించింది నాకు. మంచివాడే, తనవాళ్ళ ముందు నోరు పెగలదు.

సర్కస్ డేరాలో రాజుగారు

అలాగని ఆయన చేతగానివాడు కాదు. 1959లో శాసనసభతో పేచీపడి రాజ్యాంగాన్నే పక్కనపెట్టాడు. 1962 డిసెంబరులో కొత్త రాజ్యాంగం ఇచ్చాడు. అందులో స్త్రీలకి ఓటుహక్కు వుంది, ఉరిశిక్ష రద్దయింది. కాసినో కంపెనీని గుప్పిట్లో పెట్టుకున్న గ్రీకు ఓడల కుబేరుడు ఒనాసిస్‌తో ఢీకొన్నాడు. ప్రభుత్వం పేర ఆరు లక్షల కొత్త షేర్లు సృష్టించి, 1967లో ఆయన్ని సాగనంపాడు. రైలు పట్టాల్ని కొండ కిందికి పంపించాడు. సముద్రాన్ని పూడ్చి ఫాంవియే అనే కొత్త పేటని కట్టించాడు. ‘కట్టించిన ప్రభువు’ అన్న పేరు ఊరికే రాలేదు. జూదం డబ్బుతో బతికే ఊరు ఆయన పోయేనాటికి వ్యాపారం మీద, బ్యాంకుల మీద, యాత్రికుల మీద బతకడం నేర్చింది. 1993లో ఐక్యరాజ్యసమితిలో సభ్యత్వం కూడా వచ్చింది.

వీటన్నిటికన్నా నాకిష్టమైన పని ఇంకొకటి. ఆయనకి సర్కస్ అంటే ప్రాణం. 1974లో మాంటీకార్లోలో అంతర్జాతీయ సర్కస్ ఉత్సవం పెట్టాడు. గెలిచినవాళ్ళకి ‘గోల్డెన్ క్లౌన్’ బహుమతి, అంటే బంగారు బఫూన్ బొమ్మ. సినిమాకి ఆస్కార్ ఎలాగో సర్కస్‌కి అదలాగ! వేషగాళ్ళని పిలిచి గౌరవించిన రాజుగారి ఇంట్లో ఆస్కార్ గెలిచిన వేషగత్తె ప్రేక్షకురాలిగా కూర్చుంది. ఈ సంగతి ఆయనకి తట్టలేదంటారా? తట్టే వుంటుంది. ఎందుకంటే తర్వాత తర్వాత పట్టు సడలింది. గ్రేస్ 1977లో ‘ది చిల్డ్రన్ ఆఫ్ థియేటర్ స్ట్రీట్’ అనే డాక్యుమెంటరీకి వ్యాఖ్యానం చెప్పింది. వేదికల మీద కవితలు చదివింది. రాబర్ట్ డార్న్‌హెల్మ్ దర్శకత్వంలో ‘రీఅరేంజ్డ్’ అనే చిన్న చిత్రంలో తన పాత్రే తాను వేసింది. తలుపు కొద్దికొద్దిగా తెరుచుకుంటోంది.

1982 సెప్టెంబర్ 13. కొండమీది తోట ఇంటినుంచి చిన్నకూతురు స్టెఫనీతో కారులో దిగుతుండగా బండి లోయలో పడింది. మర్నాడు గ్రేస్ పోయింది. యాభై రెండేళ్ళు. స్టెఫనీ బతికింది. అంత్యక్రియలనాటి ఫొటోల్లో మాత్రం రేనియర్ పక్కన నిలబడ్డ మనిషి కాదు. నడుం వంగిపోయి, మొహం చేత్తో తుడుచుకుంటూ, కెమెరాల సంగతే మరచిపోయి ఏడుస్తున్న మొగుడు.

ఆ ‘రీఅరేంజ్డ్’ ఇక విడుదల కాలేదు. 1984లో ఆమె పేర గులాబీతోట వేయించాడు. మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. పెద్దకూతురు కరొలీన్ భర్త 1990లో పడవ పందెంలో చనిపోతే ఆ దుఃఖమూ చూశాడు. 2002లో రాజ్యాంగం మారింది. కొడుకు ఆల్బర్ట్‌కి బిడ్డలు లేకపోయినా అక్కచెల్లెళ్ళకి గద్దె వెళ్ళేలా సవరించారు. జిజెల్‌ని దూరం చేసిన ఆ వారసుడి గుదిబండ దాదాపు యాభై ఏళ్ళకి తేలికైంది. 2005 ఏప్రిల్ 6న, ఎనభై ఒకటో ఏట రేనియర్ కన్నుమూశాడు. దాదాపు యాభై ఆరేళ్ళ ఏలుబడి. ఐరోపాలో అప్పటికి అంతకాలంగా గద్దె మీదున్న ప్రభువు ఇంకొకరు లేరు. అదే వారంలో పోపు జాన్‌పాల్ అంత్యక్రియలు. ప్రపంచమంతా రోము వైపు చూస్తోంది. పోయేటప్పుడు కూడా రాజుగారు ఫొటోలో పక్కనే నిలబడ్డారు.

2014లో నికోల్ కిడ్‌మన్‌తో ‘గ్రేస్ ఆఫ్ మొనాకో’ వచ్చింది. ఆ 1962 కథే. రేనియర్‌గా టిమ్ రాత్. పిల్లలు ముగ్గురూ అది మా అమ్మానాన్నల కథ కాదన్నారు. నేను చూశాను. అందులోనూ ఆయన పక్కపాత్రే.

సెయింట్ నికొలస్ చర్చిలో, తాము పెళ్ళాడిన చోటే, ఇద్దరూ పక్కపక్కన వున్నారు. ఆమె సమాధి రాతి మీద లాటిన్‌లో చెక్కింది ‘ప్రభువు మూడవ రేనియర్ భార్య గ్రేస్ పట్రీషియా’ అని. నటి అన్న మాట ఎక్కడా లేదు. చర్చి బయట ప్రపంచమంతా ఆయన్ని గ్రేస్ కెల్లీ భర్త అంటుంది.

మీలో రేపో మాపో పెళ్ళిచూపులకి వెళ్ళబోయే అబ్బాయిలుంటారు. మైసూర్‌పాక్ బాగానే వుంటుంది, తినండి. కానీ మీ అమ్మగారు ఆ ప్రశ్న అడిగినప్పుడు తలెత్తి ఒక్క మాట మీరే చెప్పండి. మీకు గద్దె అడ్డం లేదు, డిగాల్ అడ్డం లేడు. ఆ పాటి స్వేచ్ఛ పాపం మొనాకో రాజుగారికి లేకపోయింది.